అమ్మ ముఖం నొప్పి తగ్గింది, మీ అందరికీ కృతజ్ఞతలు

అమ్మకు ట్రైజెమినల్ న్యూరాల్జియా (ముఖం నరానికి వచ్చే నొప్పి జబ్బు) ఆపరేషన్ బాగా జరిగింది. చెంపలో కరెంటు షాకు కొట్టినట్టు వచ్చే ఆ నొప్పి ఇప్పుడు లేదు. తోడు నిలిచిన వాళ్లందరికీ పేరుపేరునా దండం పెట్టాలని ఉంది.

మొదటి దండం మా పళ్ల డాక్టరుగారికి. దవడ పన్ను పీకించుకోవాలనే అమ్మ ఆయన దగ్గరికి వెళ్లింది. ఎక్స్‌రే చూసి, "పన్ను బాగానే ఉందమ్మా, ఇది నరం నొప్పిలా ఉంది, న్యూరాలజిస్టుకు చూపించుకోండి" అని చీటీ రాసిచ్చారు. ఈ జబ్బుతో మంచి పళ్లు పీకించుకున్నవాళ్లు ఎంతమందో ఆసుపత్రి వరండాలో కూర్చున్నాకే మాకు తెలిసింది.

నరం నొప్పికి ఇచ్చే కార్బమజెపిన్ మాత్రలు కొన్నేళ్లు కాపాడాయి. తర్వాత డోసు పెంచితే మత్తు, తూలు, రక్తంలో సోడియం పడిపోవడం. ఫ్యాను గాలి తగిలినా నొప్పే. ముద్ద నమల్లేక, చెంపకు కొంగు అడ్డం పెట్టుకుని జావ తాగి బతికింది.

న్యూరోసర్జన్‌గారి రుణం తీర్చుకోలేం. మెదడు దగ్గర నరం మీద రక్తనాళం ఆనుకుని కొట్టుకుంటోందని, చెవి వెనక ఎముకకు చిన్న రంధ్రం చేసి, నాళాన్ని పక్కకు జరిపి మధ్యలో టెఫ్లాన్ ముక్క పెడతామని కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఇదే ఆపరేషన్ మీద అమెరికాలో న్యూరోసర్జన్ పీటర్ జానెట్టా బృందం 1996లో ప్రచురించిన ఫలితాలూ చెప్పారు. వెయ్యిమందికి పైగా రోగుల్లో, పదేళ్ల తర్వాత కూడా 70 శాతం మందికి మందుల్లేకుండానే నొప్పి లేదట. "అందరికీ పోతుందని మాటివ్వలేనమ్మా. కొందరికి మళ్లీ వస్తుంది. ఆ పక్క చెవికి వినికిడి తగ్గే ప్రమాదం కూడా కొంత ఉంది" అన్నారు. వయసు, గుండె సహకరించనివాళ్లకు చెంపలోంచి సూదితో చేసే పద్ధతి, రేడియేషన్ కిరణాలతో చేసే గామా నైఫ్ ఉన్నాయనీ, వాటిలో ముఖం మొద్దుబారే అవకాశం ఎక్కువనీ దాచకుండా చెప్పారు. అంత విడమరచి చెప్పాకే అమ్మ సరేనంది.

ముఖం తుడిచేటప్పుడు ఆ చెంపను తన అరచేత్తో కాచిన సిస్టరమ్మకు, రక్తం ఇచ్చిన మా వీధి పిల్లలకు, ఇల్లు వదిలి ఆసుపత్రిలోనే ఉండిపోయిన పిన్నికి కృతజ్ఞతలు. మత్తు దిగాక అమ్మ చూపుడువేలితో ముక్కు పక్కన మెల్లగా తాకి, తర్వాత గట్టిగా నొక్కి చూసుకుంది. "లేదే!" అంది. పిన్ని ఏడ్చేసింది.

కొద్దిగా తల తిరుగుడు ఇంకా ఉంది. మాత్రలు డాక్టరుగారు చెప్పినట్టే నెమ్మదిగా తగ్గిస్తున్నాం. కుట్లు మానాక అందరూ ఇంటికి రండి, అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది.