హమ్ పోవడానికి ఎర్త్ తీగ కత్తిరించవద్దు

సంపాదకులకు నమస్కారాలు.

సొంతంగా ఆంప్లిఫయరు తయారు చేసుకునే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే ఆంప్లిఫయరుకు వాడే 4440 ఐసీ బోర్డులు, టీడీఏ 2030 బోర్డులు, ట్రాన్స్‌ఫార్మర్లు విడివిడిగా దొరుకుతాయి. పాలిటెక్నిక్ విద్యార్థులు మొదలుకొని గుళ్లలో మైకు సెట్టు చూసుకునేవారి వరకు ఎందరో వాటిని కొని, రేకు డబ్బాలో బిగించి వాడుకుంటున్నారు. పాట ఆగగానే స్పీకరులోంచి గుయ్‌మని మోత (హమ్) వస్తోందన్నది వీరందరూ చెప్పే ఫిర్యాదు. దానికి చాలాచోట్ల దొరికే సలహా, త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ తీగను తీసేయమనడం. ఇది ప్రాణాంతకమైన సలహా అని, పైగా దాని అవసరమే లేదని మీ పాఠకులకు తెలియజేయాలనుకుంటున్నాను.

ఆ ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా లావుగా, పొడవుగా ఉంటుంది. పెట్టేటప్పుడు అది ముందుగా తగలాలి, తీసేటప్పుడు చివరగా విడిపోవాలి. ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీ చుట్టలో (మెయిన్స్ కరెంటు వచ్చే చుట్టలో) ఇన్సులేషన్ చెడి 230 వోల్టుల ఫేజు రేకు డబ్బాకు తగిలిందనుకుందాం. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ దారిలో భారీగా కరెంటు పారి ఫ్యూజు పోతుంది, లేదా ఎంసీబీ (కరెంటు మితిమీరితే తానే ఆగిపోయే స్విచ్చు) పడిపోతుంది. ఎర్త్ లేకపోతే ఆ డబ్బాతో పాటు దానికి కలిపిన మైకు బాడీ కూడా ఫేజులోనే ఉండిపోతుంది. తడి నేల మీద నిలబడి దాన్ని పట్టుకున్న మనిషే ఎర్త్ అవుతాడు.

అసలు మోత ఎక్కడ పుడుతోందో ముందుగా తేల్చుకోవాలి. ఇన్‌పుట్‌కు ఏమీ తగిలించకుండా, వాల్యూం పూర్తిగా తగ్గించినా మోత ఉందంటే లోపం డబ్బా లోపలే ఉంది. ఎర్త్ కత్తిరించినా అది పోదు. కరకరలాడే మోత అయితే అది చాలావరకు 100 హెర్ట్జ్‌ది, అంటే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు నుంచి, దాన్ని నిలకడ చేసే ఫిల్టరు కెపాసిటరుకు వెళ్లే కరెంటుది. ఈ కరెంటు నిలకడగా పారదు, సెకనుకు వందసార్లు కుదుపులుగా పారుతుంది. బోర్డు సగటున ఒక ఆంపియరు తీసుకుంటున్నా ఒక్కో కుదుపు అయిదు ఆంపియర్లకు చేరవచ్చు. ఆ దారిలోని ఒక జానెడు సన్నని తీగకు పది మిల్లీ ఓముల నిరోధం ఉన్నా, అయిదు ఆంపియర్లు పారినప్పుడు దాని రెండు కొసల మధ్య 50 మిల్లీ వోల్టులు ఏర్పడతాయి. ఇన్‌పుట్‌కు వచ్చే పాట సిగ్నలే కొన్ని వందల మిల్లీ వోల్టులు కాబట్టి, ఇన్‌పుట్ గ్రౌండును (సిగ్నలుకు సున్నా వోల్టుగా లెక్కించే తీగను) ఆ తీగ మీద ఎక్కడైనా అతికిస్తే ఈ 50 మిల్లీ వోల్టులు కూడా పాటతో పాటు పెద్దవై స్పీకరులో వినిపిస్తాయి. అందువల్ల రెక్టిఫయరు నెగటివ్ తీగ నేరుగా కెపాసిటరు కాలి దగ్గరకే రావాలి. బోర్డు గ్రౌండు, స్పీకరు రిటర్ను, ఇన్‌పుట్ గ్రౌండు అక్కడి నుంచి వేర్వేరు తీగలతో బయలుదేరాలి. ఈ ఒక్క మార్పుతో సగానికి పైగా ఫిర్యాదులు తీరిపోతాయని నా నమ్మకం.

కంప్యూటరో సెట్‌టాప్ బాక్సో తగిలించినప్పుడు మాత్రమే మోత మొదలైతే అది గ్రౌండు లూపు. కంప్యూటరు తన ప్లగ్గు ద్వారా, ఆంప్లిఫయరు తన ప్లగ్గు ద్వారా ఎర్త్‌కు కలుస్తాయి, ఆడియో కేబులు షీల్డు (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) ఆ రెండింటినీ మళ్లీ కలుపుతుంది. సెట్‌టాప్ బాక్సు విషయంలోనైతే వీధిలోంచి వచ్చే కేబులు షీల్డే రెండో దారి. ఎర్త్ తీసేస్తే మోత ఆగిపోయేది ఈ సందర్భంలోనే, ఆ సలహాకు అంత పేరు రావడం కూడా ఇందువల్లే. ఈమధ్య నా దగ్గరకు బాగుకు వచ్చిన ఒక ఆంప్లిఫయరు ప్లగ్గు విప్పితే, ఆకుపచ్చ ఎర్త్ తీగను మొదట్లోనే కత్తిరించి కొసకు టేపు చుట్టి ఉంది. దాని ఇన్‌పుట్ సాకెట్ల బయటి రింగులు నేరుగా రేకుకు బిగించి ఉన్నాయి. వాటికి ఫైబరు వాషర్లు వేసి రేకు నుంచి వేరు చేసి, ఆకుపచ్చ తీగను మళ్లీ డబ్బాకు గట్టిగా బిగించి, సర్క్యూట్ గ్రౌండును 10 ఓముల రెసిస్టరు ద్వారా ఒకే చోట డబ్బాకు కలిపాను. ఎర్త్ ఉండగానే మోత పోయింది. ఆ రెసిస్టరుకు సమాంతరంగా, ఎదురెదురుగా డయోడ్లు తప్పకుండా ఉండాలి. లోపం వచ్చినప్పుడు పెద్ద కరెంటును అవే మోయాలి కాబట్టి సన్నని 4007 డయోడ్లు పనికిరావు, 25 లేదా 35 ఆంపియర్ల బ్రిడ్జి రెక్టిఫయరును (నాలుగు డయోడ్లు ఒకే ముక్కగా ఉండేదాన్ని) వాడాలి. డబ్బాకు వచ్చే ఎర్త్ తీగలో మాత్రం ఏ రెసిస్టరూ పెట్టకూడదు.

బోర్డులు అమ్మే దుకాణదారులు ఐసీ పిన్నుల బొమ్మతో పాటు గ్రౌండు తీగలు ఎలా కలపాలో చూపే బొమ్మను కూడా ఆ కాగితం మీదే అచ్చువేసి ఇవ్వాలని కోరుతున్నాను. ఐటీఐ, పాలిటెక్నిక్ అధ్యాపకులు ఆంప్లిఫయరు ప్రాక్టికల్ చేయించేటప్పుడు ఒకే బోర్డుకు ఇన్‌పుట్ గ్రౌండును తప్పు చోట ఒకసారి, సరైన చోట ఒకసారి అతికించి వినిపిస్తే విద్యార్థులకు చెవితోనే బోధపడుతుంది. ఇప్పటికే ఎర్త్ కత్తిరించిన ఆంప్లిఫయర్లు ఇంట్లోనో గుడిలోనో ఉన్నవారు దాన్ని మళ్లీ కలిపించి, గోడ సాకెట్లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియను చేత పరీక్ష చేయించేదాకా వాటికి మైకు తగిలించవద్దని నా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హైదరాబాద్