అవి కాకులు కావండీ, ఏప్రిల్లో ఆ పేలుళ్ళు ఆపించండి

సంపాదకుడు గారికి నమస్కారం,

మీ పేపర్లో మా డాలస్ వైపు వార్తలు వేసే పేజీలో పోయిన వారం "కాకుల బెడద" అని ఒక ముక్క వచ్చింది. బెడద నిజమే, నా కారు మీద రెట్టలు చూస్తే ఎవరూ కాదనరు, కానీ అవి కాకులు కావండీ, గ్రాకిల్స్ అనే పొడుగు తోక పిట్టలు. కాకి కుటుంబమే కాదు, ఇక్కడి ఓరియోల్స్ అనే పిట్టల కుటుంబం, మన దేశంలో లేని జాతి. పాత ఇంగ్లీషు పక్షుల పుస్తకాల్లో మన తూర్పు కనుమల్లో ఉండే కొండ గోరింకని కూడా గ్రాకిల్ అని రాసేవాళ్ళు, కానీ దానికీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు.

పేరు కోసం ఇంత గొడవెందుకు అంటారేమో, మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ వాట్సాప్ గ్రూపులో పది రోజులుగా ఇదే రచ్చ. కాకులు అనుకోబట్టే సగం మంది అపశకునం, వెళ్ళగొట్టండి అంటారు, మిగతా సగం పితృదేవతలని పార్కింగ్ లాట్ పక్కన మిగిలిన అన్నం వేస్తారు. నేనేం తక్కువ తినలేదు, మొన్న మా నాన్న తద్దినానికి బాల్కనీ గోడ మీద పిండం పెట్టి పిలిస్తే వచ్చింది ఇదే, పసుపు పచ్చ కళ్ళతో నన్ను ఎగాదిగా చూసి నెయ్యి బాగా ఉన్న ముద్ద ఏరుకుని పోయింది, మా ఆవిడ "మామయ్యగారి తిండి ఇంతే కదా" అని ఒకటే నవ్వు. ఈలోగా మేనేజ్‌మెంట్ వాళ్ళు ఎవర్నో కుదుర్చుకుని రోజూ సాయంత్రం ఏడున్నరకి ధన్ ధన్‌మని తుపాకీ పేలినట్టు చప్పుళ్ళు మొదలుపెట్టారు. ఇది ఏప్రిల్. నా బాధంతా అక్కడే.

చలికాలం సంగతి వేరు. నవంబర్ వస్తే చీకటి పడే వేళకి వేల పిట్టలు గ్రోసరీ షాపుల ముందు కరెంటు తీగల మీదా చెట్ల మీదా వాలిపోతాయి, లైవ్ ఓక్ చెట్టుకి చలికాలంలో కూడా ఆకు నిలుస్తుంది కాబట్టి గాలి తగలదు, లైట్లున్నాయి, కింద చిప్స్ ముక్కలూ ఫ్రైస్ ముక్కలూ ఉన్నాయి, ఇంకేం కావాలి. అప్పుడు చప్పుళ్ళు చేసినా, లేజర్ లైటు కొట్టినా పక్క సందులోకి పోతాయి అంతే, ఎవరి ప్రాణమూ పోదు. ఇప్పుడున్నవి ఆ గుంపులు కావు. గూళ్ళు పెట్టుకున్నవి.

ఒక్కసారి పొద్దున్నే కాఫీ కప్పుతో కిందకి దిగి చూడండి అని మా గ్రూపులో రాశాను, ఒక్కరూ జవాబివ్వలేదు. మగది దూరానికి నల్లగా ఉంటుంది గానీ ఎండ పడితే పావురం మెడలా ఊదా నీలం తిరుగుతుంది, ముక్కు నుంచి తోక చివర దాకా సుమారు 45 సెంటీమీటర్లు, అందులో పెద్ద వాటా తోకదే, అది కూడా తాటాకు దోనెలా మధ్యకి మడిచినట్టు ఉంటుంది. ఆడది గోధుమ రంగు, చాలా చిన్నది, రెండూ ఒకే జాతంటే మా అబ్బాయి నమ్మలేదు. మగది ఆడదాని ముందు ఒళ్ళంతా ఉబ్బించి, తోక విప్పి, రెక్కలు కిందకి జార్చి వణికిస్తూ పాడతాడు. పాట అనటం మర్యాద కోసం, నూనె లేని బోరింగు కొట్టినట్టు మొదలై పాత రేడియోలో స్టేషన్ వెతికినట్టు గరగరలాడి చివర్లో ఒక ఈల. ఆమె పట్టించుకోకుండా కార్ల నంబర్ ప్లేట్లకి అంటుకున్న చచ్చిన పురుగులు ఏరుకుంటూ ఉంటుంది! ఇంకో మగవాడు దగ్గరకొస్తే ఇద్దరూ ముక్కులు ఆకాశానికెత్తి బిగుసుకుపోయి నిలబడతారు, పెళ్ళిలో పలకరింపుల్లేని తోడల్లుళ్ళలాగా, చాలాసార్లు కొట్టుకోకుండానే ఒకడు తప్పుకుంటాడు.

ఇంత హంగామా చేసినవాడు తర్వాత చేసే పని ఏమీ లేదు. ఒక్కో మగవాడి జాగాలో చాలామంది ఆడవాళ్ళు గూళ్ళు కడతారు, కట్టేదీ, సుమారు రెండు వారాలు పొదిగేదీ, పిల్లలకి మేత తెచ్చేదీ అంతా తల్లే, ఆయన జాగా కాపలా కాస్తాడు. కాబట్టి సాయంత్రం మేనేజ్‌మెంట్ వాళ్ళు పేల్చే పేలుడికి బెదిరి తల్లి లేచిపోతే ఆ గుడ్ల మీద కూర్చునే రెండో దిక్కు లేదు, లేత నీలం గుడ్లు చల్లారిపోతాయి. పిల్లలు ఎగిరేదాకా ఆగండి అనే నేను అడిగేది. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల రక్షణ చట్టంలో ఇవీ ఉన్నాయి, పంటకో ఆరోగ్యానికో నష్టం చేస్తుంటే తరమటానికి మినహాయింపూ ఉంది, దాన్ని నేను కాదనట్లేదు. ఆరోగ్యం మాట వచ్చింది కాబట్టి, ఎండిన పాత రెట్టల కుప్పల్లో హిస్టోప్లాస్మా అనే ఫంగస్ పెరుగుతుంది, ఆ దుమ్ము పీల్చితే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, నిజమే. దానికి విరుగుడు, ఆ రెట్టల్ని నీళ్ళతో తడిపి, మాస్కు పెట్టుకుని కడిగించటం. పేలుళ్ళతో రెట్ట పోతుందా?

చేయాల్సినవి చేయరు. మా డంప్‌స్టర్, అదే పెద్ద చెత్త తొట్టి, మూత విరిగి ఆరు నెలలు. ఎండాకాలం దాటాక చెట్ల కొమ్మలు లోపల పలచన చేయించి, అక్టోబర్లో మొదటి గుంపు దిగిన రోజే తరిమితే అలవాటు పడవు, జనవరిలో మొదలుపెడితే అవి మనల్నే చూసి నవ్వుతాయి. అన్నం వేసే పెద్దవాళ్ళకి కూడా చెప్పాలి, ఆ పని నాకే అప్పజెప్పారు.

పైగా వీటిని మోసం చేయటం కూడా తేలిక కాదు. చిన్నప్పుడు మనం చదివిన కుండలో గులకరాళ్ళేసిన కాకి కథ ఉంది కదా, కొరీనా లోగన్ అనే శాస్త్రవేత్త అదే పరీక్ష గ్రాకిల్స్‌కి పెట్టింది, గొట్టంలో రాళ్ళేసి నీళ్ళు పైకి తెప్పించి మేత అందుకున్నాయి, 2016లో అచ్చయింది. 500 ఏళ్ళ కిందట అజ్టెక్ రాజు అహుయిట్జోట్ల్ వీటిని తన రాజధానికి తెప్పించి పెంచి, ఎవరూ రాళ్ళేయకూడదని ఆంక్ష పెట్టించాడట, ఇప్పటి మెక్సికో సిటీ ఉన్నచోట. 1880 ప్రాంతంలో అమెరికాలో దక్షిణ టెక్సస్ దాటనివి ఇవాళ నెబ్రాస్కా, కాలిఫోర్నియా దాకా ఉన్నాయంటే మనం వేసిన పార్కింగ్ లాట్లూ పచ్చిక లాన్లూ పొలాల కాలవలే దారి చూపించాయి. మనం కూడా ఐటీ ఉద్యోగాల వెంట అదే దారిన వచ్చి దిగాం అనుకోండి.

మా కాంప్లెక్స్ మీటింగు వచ్చే గురువారం. ఈలోపు ఈ లేఖ వేస్తే ప్రింటు తీసి పట్టుకెళ్తాను, కాకులు అన్న మాట కూడా ఒక లైను సవరణ వేయండి, ఫోటో కావాలంటే మా బాల్కనీ గోడ మీద దిగిందే పంపిస్తాను.

ఇట్లు
మీ పాఠకుడు,
ఇర్వింగ్, టెక్సస్