కాంటర్‌బరీ నుంచి తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. అమ్మ అడిగితే బాగానే తింటోందని చెప్పు, నిజంగానే తింటున్నాను. పని గురించి రాయడానికేం లేదు, నైట్ డ్యూటీలు ఈ నెలాఖరుకి అయిపోతాయి.

గిటార్ వాయించేవాడికి బెంగళూరులో ఉద్యోగం వస్తే నువ్వు బ్యాండే మూసేస్తానంటావేంట్రా? ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో నాన్న లాక్కుంటారు. అందుకే ఉత్తరం.

నేనుంటున్నది ఎవరి ఊరో నీకు చెప్పాలా? సాఫ్ట్ మెషీన్ అనే రాక్ బ్యాండ్‌లోని రాబర్ట్ వాయట్, మైక్ రాట్లెడ్జ్, హ్యూ హాపర్ చదువుకుంది ఇక్కడి సైమన్ లాంగ్టన్ స్కూల్లోనే. నాతో పనిచేసే వాళ్ళని అడిగితే మాత్రం అందరూ కెథీడ్రల్ గురించే చెబుతారు.

సాఫ్ట్ మెషీన్‌ వాళ్ళ గిటారిస్టూ మొదట్లోనే వెళ్ళిపోయాడు. డేవిడ్ అలెన్, ఆస్ట్రేలియా మనిషి. 1967లో బ్యాండ్‌తో ఫ్రాన్స్ వెళ్ళి తిరిగొస్తుంటే, ఇదివరకు వీసా గడువు దాటి ఉన్నాడని ఇంగ్లండ్‌లోకి అడుగు పెట్టనివ్వలేదు. ఒకరితో ఒకరికి పడక కాదు, డబ్బు దగ్గర పేచీ కాదు. కాగితం! అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అలాగని అమ్మ దగ్గర వీసా మాటెత్తకు. నా కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. బాబాయ్ వాట్సాప్‌లో పంపే వార్తలు చూసి నువ్వు కూడా కంగారు పడితే ఎలా?

అలెన్ పారిస్‌లోనే ఉండిపోయి గాంగ్ అనే బ్యాండ్ పెట్టాడు. ఇక్కడ వాయట్, రాట్లెడ్జ్, కెవిన్ ఏయర్స్ ముగ్గురు మిగిలారు. 1968లో ఆండీ సమర్స్‌ని, తర్వాత పోలీస్ అనే బ్యాండ్‌లో గిటార్ వాయించిన ఆయన్నే, కొన్నాళ్ళు తీసుకున్నారు గానీ కుదరలేదు. మొదటి రికార్డు ముగ్గురే చేశారు. గిటార్ సోలో ఉండాల్సిన చోట రాట్లెడ్జ్ తన ఆర్గాన్‌ని, సౌండ్‌ని గరగరలాడించే ఫజ్ బాక్స్‌లోంచి పంపి వాయించాడు. ఆ ఆర్గాన్‌తో ఒక తంటా ఉండేదట, అంత సౌండ్‌లో కాస్త వేలు తీస్తే చాలు కీమని ఫీడ్‌బ్యాక్ వచ్చేదట. అందుకే సందివ్వకుండా వాయిస్తూ పోయేవాడు. ఆ ఊపిరాడని వాయింపే వాళ్ళ ముద్ర అయింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ విను. నువ్వూ కీబోర్డ్ మనిషివే కదా!

తర్వాత ఏయర్స్ అమెరికా టూర్‌తో అలిసిపోయి బేస్ గిటార్ వదిలేస్తే, సామాన్లు మోయించే రోడ్ మేనేజర్ హ్యూ హాపర్ వచ్చి ఆ చోట నిలబడ్డాడు. మరి మీ ఆంప్‌లు ఆటోలో వేసుకొచ్చే ఆ పొడుగు కుర్రాడు ఏం వాయిస్తాడో ఎప్పుడైనా అడిగావా?

నాన్న బీపీ మాత్రలు మార్చారని అమ్మ చెప్పింది. కొత్త మాత్ర పేరు ఫోటో తీసి పంపు. పాతది ఆపమన్నారా, రెండూ వేసుకోమన్నారా, డాక్టర్ని అడిగి రాయి. మర్చిపోకు.

ఎక్కడున్నాం? ఆ, సాఫ్ట్ మెషీన్. శాక్సోఫోన్ వాయించే ఎల్టన్ డీన్ వచ్చాక వాళ్ళు జాజ్ వైపు వెళ్ళిపోయారు. 1970లో వచ్చిన ‘థర్డ్’ రెండు ఎల్‌పీలు, నాలుగు వైపులా నాలుగే నాలుగు పాటలు. వాయట్ గొంతు వినిపించేది ఒక్కదాంట్లోనే. నాకైతే ఆ వైపే ప్రాణం. 1971లో అతనూ బయటికొచ్చేశాడు, లేదా బయటికి పంపారు. తర్వాతి సాఫ్ట్ మెషీన్ చాలా గొప్పగా వాయించింది, కాదనను, కానీ వాయట్ పాటల్లోని ఆ వెటకారం మళ్ళీ రాలేదు. 1976లో రాట్లెడ్జ్ కూడా వెళ్ళాక మొదటివాళ్ళు ఒక్కరూ లేరు, పేరు మాత్రం నడిచింది. నువ్వు భయపడాల్సింది ఇదిగో, దీనికి. గిటార్ లేదని కాదు.

వాయట్ 1973లో ఒక పార్టీలో కిటికీలోంచి కింద పడ్డాడు. నడుము కింద చచ్చుబడింది. డ్రమ్మర్‌కి కాళ్ళు పోవడమంటే ఏమిటో ఆలోచించు. మా వార్డులో అలాంటివాళ్ళని పక్క తిప్పుతూ ఉంటాను కాబట్టి ఆ సంగతి నాకు మామూలుగా చదవడం కుదరదు. పింక్ ఫ్లాయిడ్, సాఫ్ట్ మెషీన్ కలిసి అతని కోసం కచేరీ చేశాయి. మరుసటి ఏడాదే అతని ఆల్బమ్ ‘రాక్ బాటమ్’ వచ్చింది. అందులో అతని గొంతు, కీబోర్డులే ముందుంటాయి.

పాడే గేబ్రియెల్ వెళ్ళిపోయాక జెనెసిస్ బ్యాండ్ చచ్చిపోయిందన్న నీ వాదన నేను ఇప్పటికీ ఒప్పుకోను. 1975లో ఆయన వెళ్తే బయటి గాయకుల్ని ఎంతమందిని విన్నా నచ్చక, చివరికి వెనక డ్రమ్స్ దగ్గరున్న కాలిన్సే పాడాడు. ఆ తర్వాతి ఆల్బమ్ ‘ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్’లో ఏం తక్కువైంది చెప్పు? అసలు దెబ్బ 1977లో, స్టీవ్ హ్యాకెట్ వెళ్ళినప్పుడు. అప్పటినుంచే పాటలు పొట్టివైపోయాయి. గిటారిస్ట్ పోతే ఏం కాదని పైన రాసి ఇప్పుడు ఇదేంటని అడుగుతావు. అవును, జెనెసిస్‌కి అయింది, సాఫ్ట్ మెషీన్‌కి కాలేదు. మీకేమవుతుందో వాయిస్తేనే తెలుస్తుంది.

పెళ్ళి మాట అమ్మ నీచేత అడిగించిందని నాకు తెలుసు. ఈ ఉత్తరంలో దానికి జవాబు లేదు.

ఫజ్ పెడల్‌కి డబ్బు బావ అకౌంట్‌లో వేస్తున్నాను, నాన్నకి తెలియనివ్వకు. మీ పాత పాట ఒకటి గిటార్ లేకుండా వాయించి, రికార్డ్ చేసి పంపు. మిక్సింగ్ బాగోలేదని దాచిపెట్టుకోకు. అమ్మతో ఆవకాయ కొరియర్ వద్దని చెప్పు, పోయినసారి మూత ఊడి చీరంతా నూనె అయింది.

మీ అక్క