ఒక్క షెడ్డయినా మాకు ఉంచండి

సంపాదకుల వారికి,

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామికవాడల భూములను ఇళ్లకు, ఆఫీసులకు, దుకాణాలకు మార్చుకునేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2025 నవంబరులో హిల్ట్ పాలసీ తెచ్చింది. తొమ్మిది వేల ఎకరాలు దాటిన వ్యవహారం. భూమి ధర ఎంత, లాభం ఎవరికి అని వాదనలు నడుస్తున్నాయి, నడవాలి కూడా. ఆ భూముల మీద నిలబడి ఉన్న షెడ్ల మాట మాత్రం నేను చదివినంతలో ఎక్కడా రాలేదు.

నేను బాలానగర్‌లో పుట్టి పెరిగాను. మా నాయన ఇక్కడి ఒక ఫ్యాక్టరీలో టర్నర్, లేత్ మిషన్ మీద పని. పొద్దున సైరన్ మోగితే చాలు, మా గల్లీలో ఎవరికీ గడియారంతో పని ఉండేది కాదు. ఆ ఫ్యాక్టరీ మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. గేటుకు తాళం, గోడ పగుళ్లలో రావి మొక్కలు. పోయిన నెల వాచ్‌మన్‌ను బతిమాలి లోపలికి వెళ్లాను. కరెంటు లేదు, అయినా షెడ్డంతా వెలుతురే. కప్పు రంపపు పళ్లలా ఉంటుంది, ప్రతి పన్నుకూ ఉత్తరం వైపు అద్దాలు. ఎండ నేరుగా పడదు, వెలుగు మాత్రం వస్తుంది. లేత్ మీద కొలత చూసేటప్పుడు కళ్లు చెదరకూడదని అట్లా కట్టారని నాయన చెప్పేవారు. మిషన్లు బిగించిన బోల్టులు నేలలో ఇంకా అట్లాగే ఉన్నాయి. చదువుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి వెలుతురు ఎక్కడ దొరుకుతుంది?

మా బస్తీలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు గుడి మండపంలో కూర్చుంటారు. భజన మొదలైతే పుస్తకాలు సర్దుకోవాల్సిందే. నాయన పోయినప్పుడు పదకొండో రోజు నలుగురికి అన్నం పెట్టాలంటే ఫంక్షన్ హాలు కిరాయి మా వల్ల కాలేదు. రోడ్డు మీదే టెంటు వేశాం. వాన పడింది, విస్తళ్లు తడిసిపోయాయి. ఆయన ముప్పై ఏళ్లు పనిచేసిన షెడ్డు రెండు గల్లీల అవతలే ఖాళీగా ఉంది.

ఇది కాని పనేమీ కాదు. సైఫాబాద్‌లో 1903 నాటి టంకశాల ఉంది. నాణేల తయారీ చర్లపల్లికి మారాక చాలా ఏళ్లు మూసే ఉన్నా, 2022లో దాన్ని మ్యూజియంగా తెరిచారు. అక్కడికి దగ్గర్లోనే, హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో కట్టిన పవర్ హౌస్‌ను మాత్రం కూల్చేసుకున్నాం. ఎన్టీఆర్ గార్డెన్స్‌లో ఆడుకునే పిల్లల్లో ఎందరికి దాని సంగతి తెలుసు?

భూమి యజమానులదే, కాదనను. కానీ ఆ ప్లాట్లు చాలావరకు పరిశ్రమ పెట్టి పదిమందికి పని ఇస్తారని ఇచ్చినవి. కాబట్టి మార్పిడికి అనుమతి ఇచ్చే ముందే ప్రతి పారిశ్రామికవాడలో గట్టిగా ఉన్న షెడ్డు ఒక్కటి ఎంచి జనం కోసం పక్కన పెట్టాలి. భూమి మార్చుకున్నందుకు యజమానులు కట్టే డెవలప్‌మెంట్ ఇంపాక్ట్ ఫీజులో కొంత తీసి రిపేర్లు చేయించాలి. ఇనుప దూలాలు, గోడలు బాగుంటే సగం పని అయినట్టే. ఆస్బెస్టాస్ రేకులు ఉంటే మాత్రం తెలిసినవాళ్లతో జాగ్రత్తగా దింపించాలి. జీడిమెట్ల లాంటి చోట, రసాయనాలు వాడిన షెడ్లయితే మట్టి పరీక్ష కానిదే పిల్లలను అడుగు పెట్టనివ్వకూడదు.

ఇంకొక్క మాట. నిర్వహణ టెండరు పెట్టి ఈవెంట్ల వాళ్లకు ఇస్తే అది మళ్లీ మాకు అందని ఫంక్షన్ హాలే అవుతుంది. తాళంచెవి కార్పొరేషన్ దగ్గర, బస్తీ మహిళా సంఘాల దగ్గర ఉండాలి. పగలు రీడింగ్ రూమ్, పనికి పోయే తల్లుల పిల్లలకు ఒక మూల, సాయంత్రం పెళ్లికైనా చావుకైనా నామమాత్రపు కిరాయి.

పోయిన వారం నాయన ఫ్యాక్టరీ గోడ మీద ఎర్ర రంగుతో కొలతల నంబర్లు వేసి వెళ్లారు. కూల్చడానికి కాగితం మీద సంతకం పెట్టే అధికారి ఎవరైనా సరే, ఒక్కసారి మధ్యాహ్నం పూట ఆ షెడ్డు లోపలికి వెళ్లి చూడాలని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

– ఒక టర్నర్ కూతురు, బాలానగర్, హైదరాబాద్