ఆ సీసా పాడైపోలేదండీ

మొన్న తెప్పించిన జార్జియా వైను మీద ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. వైట్ వైన్ అని కొంటే బ్లాక్ టీ రంగులో ఉందని, అడుగున మడ్డి ఉందని, నాలుక పిడచకట్టేంత వగరుగా ఉందని. కొందరు సీసాలు వెనక్కి కూడా తెచ్చారు. డబ్బులు ఇచ్చేశాను కానీ, సరుకులో లోపమేమీ లేదు.

జార్జియా అంటే అట్లాంటా ఉన్నది కాదు. మన పిల్లలు మెడిసిన్ చదవడానికి వెళ్తున్న టిబిలిసి వైపుది. అక్కడి కాఖేతి ప్రాంతంలో ఎక్కువగా పండే తెల్ల ద్రాక్ష ర్కాట్సిటెలి, ఈ వైను దానితో చేసిందే. ఆ ద్రాక్ష బాగా పండినా పులుపు పోదు, చలికి తట్టుకుంటుంది. సోవియట్ కాలంలో దీన్ని విపరీతంగా వేశారు. 1985లో గోర్బచేవ్ మద్యం మీద విరుచుకుపడ్డాక చాలా తోటలు పీకేశారు.

మామూలు వైట్ వైనుకి రసం పిండి తొక్కలు పారేస్తారు. ఈ వైను చేసిన కాఖేతి పాత పద్ధతిలో రసం, తొక్కలు, గింజలు, కాడలు అన్నీ కలిపి, లోపల తేనెమైనం పూసి మెడ దాకా భూమిలో పాతిన పెద్ద మట్టి కాగులో పోసి, నెలల తరబడి వదిలేస్తారు. కాగు అడుగు కోసుగా ఉంటుంది, గింజలు అక్కడికి దిగిపోతాయి. ఆ రంగు ముఖ్యంగా తొక్కలది, వగరు తొక్కలు, గింజలు, కాడలది. క్వెవ్రి అనే ఈ కాగుల పద్ధతిని 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

సీసాతో వచ్చిన కరపత్రంలో "8000 ఏళ్ల నాటి ద్రాక్ష" అని ఉంది. అది నమ్మి కొనకండి. టిబిలిసికి దక్షిణాన తవ్వకాల్లో దొరికిన కుండపెంకుల్లో అంత పాత వైను ఆనవాళ్లు ఉన్నాయని 2017లో తేల్చారు, అది నిజం. కానీ పెంకుకి అంటిన టార్టారిక్ యాసిడ్‌ని (ద్రాక్షలో ఉండే పులుపుని) బట్టి అది ద్రాక్షరసమని తెలుస్తుందే తప్ప, ఏ రకం ద్రాక్షో తెలియదు. ర్కాట్సిటెలి చాలా పాత రకమే, అంతవరకే నేను చెప్పగలను.

తాగే అరగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి, మరీ చల్లగా ఉంటే వగరు ఒక్కటే తెలుస్తుంది. వేట మాంసం వేపుడుతో బాగుంటుంది. గుంటూరు కారం దట్టించిన కూరలతో మాత్రం వద్దు, మంట రెట్టింపవుతుంది.

దిగుమతి ఖర్చు పెరిగింది కాబట్టి వచ్చే లోడు నుంచి సీసాకి రెండు డాలర్లు పెంచక తప్పదు. రంగు నచ్చనివాళ్లకి ఇదే ద్రాక్షతో న్యూయార్క్ ఫింగర్ లేక్స్‌లో చేసిన వైను తెప్పిస్తున్నాను. అక్కడ చలికి ఆగే యూరప్ ద్రాక్షలు వేసి చూపించిన కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్, ఉక్రెయిన్ నుంచి వచ్చినాయన, దీన్నీ నాటారు. లేత రంగులో, తేటగా ఉంటుంది. శనివారం సాయంత్రం రెండూ తెరిచి ఉంచుతాను, రుచి చూశాకే కొనండి.