చిల్లుల గరిటె ఇటివ్వమ్మా!

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం మా టీచరు ఒక గిన్నెడు చిక్కుడుకాయలు తెచ్చి ఎల్‌కేజీ పిల్లల మధ్యలో పెట్టారు. ఇవేంటని అడిగితే చాలామంది ‘బీన్స్’ అన్నారు, కొందరు ‘కూర’ అన్నారు. ఒక పాప మాత్రం కాయ చేతిలోకి తీసుకుని, కొన విరిచి, అంచు వెంబడి ఈనె లాగి చూపించింది. "ఇట్లా ఈనె తీయాలి టీచర్, లేకపోతే నోట్లో పీచు పీచుగా ఉంటది. ముదురు కాయైతే గింజలు ఒలుచుకోవాలి" అంది. ఆ పాపకు నాలుగేళ్లు. ఈనె, పీచు, ముదురు, ఒలవడం... ఇందులో మేం నేర్పిన మాట ఒక్కటీ లేదు. సాయంత్రం వాళ్లమ్మగారిని అడిగితే, రోజూ నానమ్మ పక్కన కూర్చుని కూరగాయలు బాగుచేస్తుందని చెప్పారు.

మాటలు బాగా రావాలంటే ఏ చార్టులు కొనమంటారని మీలో చాలామంది అడుగుతుంటారు. చార్టులతో జంతువుల పేర్లు, పండ్ల పేర్లు వస్తాయి, మంచిదే. కానీ మన పిల్లల దగ్గర తక్కువగా ఉన్నవి పనుల మాటలు. అన్నిటికీ ‘కట్ చెయ్’ ఒక్కటే అయిపోయింది. మనం వంకాయ తరుగుతాం, కొబ్బరి తురుముతాం, గోంగూర ఆకు తుంచుతాం, పచ్చడి నూరుతాం, ఇడ్లీపిండి రుబ్బుతాం, కారం దంచుతాం, గోధుమపిండి జల్లిస్తాం. ఒక్కో మాటకు చెయ్యి ఒక్కో రకంగా కదులుతుంది. ఆ తేడా బొమ్మ చూస్తే తెలియదు. పక్కన కూర్చుని తనూ ఓ చెయ్యి వేస్తే, ఆ మాట ఇక మర్చిపోరు. చుట్టాల విషయమూ అంతే. బాబాయి, పెదనాన్న, మావయ్య అందరూ ‘అంకుల్’ అయిపోతే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అందుకని మిమ్మల్ని కోరేది చిన్న పని. ‘అది ఇటివ్వు’ అనకండి. ‘ఆ చిల్లుల గరిటె ఇటివ్వమ్మా, పూరీ తీయాలి’ అనండి. పిల్లాడు ‘బండి’ అంటే ‘అవును, పాలబండి వచ్చింది, హారన్ కొడుతోంది’ అని ఇంకో రెండు మాటలు కలపండి. ‘తుక్క’ అంటే నవ్వొద్దు, తప్పని దిద్దొద్దు. ‘అవును, కుక్క! తోక ఊపుతోంది చూడు’ అంటే చాలు, సరైన మాట చెవిన పడుతుంది. ఏదైనా అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఆగండి. వాళ్లకు మాట వెతుక్కోవడానికి టైం పడుతుంది. మనమేమో తొందరపడి జవాబు కూడా మనమే చెప్పేస్తాం.

ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమంటారా అని టెన్షన్ పడే వాళ్లకు ఒక మాట. మీకు ఏ భాష ధారాళంగా వస్తే అందులోనే మాట్లాడండి, అది తెలుగైనా, ఉర్దూ అయినా, లంబాడీ అయినా సరే. వీలైనచోట కనీసం 5వ తరగతి దాకా బోధన ఇంటి భాషలోనే ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెబుతోంది. బరువు, తేలిక తేడా చేత్తో ఎత్తి తెలుసుకున్న పిల్లకు ‘హెవీ’, ‘లైట్’ నేర్పడం మాకు ఒక్క పూట పని.

ఇక ఫోన్. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. కనీసం అన్నం తినిపించేటప్పుడైనా పక్కన పెట్టండి. మూడేళ్లు దాటినా పిల్లల మాట బయటివాళ్లకు అర్థం కాకపోతే, ‘వాడే నేర్చుకుంటాడులే’ అని ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించి, వినికిడి పరీక్ష చేయించండి.

వచ్చే శనివారం ప్రతి పిల్లా ఇంటి నుంచి ఒక కూరగాయ తేవాలి. దాన్ని ఇంట్లో ఎలా బాగుచేస్తారో, ఏం వండుతారో క్లాసులో తనే చెప్పాలి. శుక్రవారం రాత్రి మీ వంటింట్లో పిల్లలకు ఒక పీట వేయండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు