తీరం పెరగలేదు, కొలత మారింది

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్ర తీరం 974 నుంచి 1,053 కిలోమీటర్లకు ‘పెరిగింది’ అన్న వార్త మీద మా అరుగున పెద్ద చర్చే నడిచింది. ఇసుక మేట వేసిందా అన్నారొకాయన. లేదండీ! 1970లలో కొలిచిన పటంలో సెంటీమీటరుకు 45 కిలోమీటర్లు. ఇప్పటి దాంట్లో రెండున్నరే. సూక్ష్మంగా కొలిచేకొద్దీ ఏటిమొగలు, మడ అడవుల వంపులు లెక్కకెక్కుతాయి. 1967లో బ్రిటన్ తీరం పొడవెంతని గణితవేత్త మాండెల్‌బ్రాట్ ప్రశ్నించింది ఇందుకే. ఎంత దగ్గరగా చూస్తే అన్ని కొత్త వంపులు తేలే ఇలాంటి ఆకారాలకు ఫ్రాక్టల్ అని 1975లో పేరుపెట్టిందీ ఆయనే. ప్రతి గీత నడిమి మూడోవంతు తీసి అక్కడ త్రిభుజపు మొన నిలుపుతూ పోయే 1904 నాటి కోఖ్ వక్రమైతే మరీ చోద్యం: దశదశకూ పొడవు మూడోవంతు పెరిగి అనంతమవుతుంది, కాగితం మాత్రం దాటదు.

ఇకపై తీరం పొడవు వేస్తే, పక్కనే ఏ స్కేలులో కొలిచారో కూడా అచ్చువేయండి.

– విశ్రాంత లెక్కల మాస్టారు, మచిలీపట్నం